నల్లతాడు కట్టిన రాయి

ఇకుయో మొండికేసిన చోట కదా పోయినవారం మనం ఆగింది. "రేపు ఒసాకా నుంచి కంపెనీవాళ్ళు వస్తున్నారు వదినా, గేటు మూసి ఉంచండి, సందర్శకులు ఒక్కరు కూడా కంటపడకూడదు" అని మరిది తత్సుమి ఫోనులో చెబితే ఆవిడ "ఊఁ" అని పెట్టేసింది. తెల్లారాక మాత్రం గేటు రెండు రెక్కలూ బార్లా తెరిచింది. నీలం గుమ్మంతెర కట్టింది. వాకిలి ఊడ్చి, నీళ్ళు చల్లి, టికెట్లు చింపే బల్ల ముందు దర్జాగా కూర్చుంది.

మురోసె ఊళ్ళో కొండ మీద కోట, కోట దారి మలుపులో గుడి, కొండ కింద కుజుమి వారి పాత ఇల్లూ తోటా. ఒకే టికెట్టు మీద అన్నీ చూడొచ్చు. ఇప్పుడు అందులోంచి ఇల్లూ తోటా ఊడిపోయేలా ఉన్నాయి. వాటిని హోటలు కంపెనీకి అప్పగించాలని తత్సుమి పట్టు. ఇల్లు అతని తల్లి నుయిది. ఆవిడ ఇవాళ సరే అంటే గేటు మూత పడుతుంది. ఆ తర్వాత ఆ తోటలో మేపుల్ ఆకులు రాలడం చూసేది గది తీసుకుని దిగగల షావుకార్లే. పెళ్ళయి వచ్చిన నాటి నుంచీ ఆ గేటు తీసి మూసిన ఇకుయో, మొగుడు పోయాక కూడా తీసి మూసిన ఇకుయో, అత్తగారిని వెంటబెట్టుకుని మరిది ఫ్లాటులో వెనకగదికి చేరాలి. ఆ గదికి కిటికీ ఉందని తత్సుమి ఇప్పటికి చాలాసార్లు చెప్పాడు. కిటికీ ఉందని అన్నిసార్లు చెప్పాల్సివచ్చే గది ఎలాంటిదో ఆవిడకి తెలుసు.

కారు వచ్చి ఆగేసరికి వాకిట్లో సందర్శకులు ఉండనే ఉన్నారు. తొత్తోరి నుంచి వచ్చిన ముసలి దంపతులు, యసుహరా వారు. ఆయన భుజాన ఫ్లాస్కు, ఆవిడ నెత్తిన గొడుగంత టోపీ. వాళ్ళని చూడగానే తత్సుమి కారు తలుపు దగ్గరే ఆగిపోయాడు. బ్యాంకులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన మనిషి, పరాయివాళ్ళ ముందు గొంతు పెంచడు. మొహాన నవ్వు అలాగే ఉంచి, పళ్ళ సందులోంచి మాట వదిలాడు.

"వదినా, నిన్న నేనేం చెప్పాను?"

"మూసి ఉంచమన్నావు."

"మరి?"

"మూయలేదు."

"అదే, ఎందుకని?"

"తీసే వేళయింది, తీశాను. మూసే వేళయ్యాక మూస్తాను. ఇన్నేళ్ళూ అంతే చేశాను. ఇవాళ నువ్వు కారు దిగావని కొత్త పద్ధతి నేర్చుకోమంటావా?"

అతని వెనక నల్లసూటు వేసుకున్న అమ్మాయి నడుం వంచి నమస్కరించింది. హొరికిరి అట పేరు, కంపెనీ తరఫున వచ్చింది. "పని వేళలో ఇబ్బంది పెడుతున్నాం, మన్నించాలి" అంది, ఎంతో మెత్తగా. ఆ మర్యాదకి ఇకుయోకి ఇంకా ఒళ్ళు మండింది. నోరారా తిట్టడానికి వీలైన మనిషిని పంపొచ్చు కదా ఆ కంపెనీ!

పెద్దగదిలో నుయి టీవీకి ఎదురుగా కూర్చుని ఉంది. ఎనభై దాటినా వెన్ను వంగని మనిషి. టీవీ ఇంకా పెట్టలేదు. సాయంత్రం క్యూషూ నుంచి సుమో కుస్తీలు వస్తాయి. అవి వచ్చేటప్పుడు భూమి కంపించినా ఆవిడ కదలదు.

"చెప్పేదేదో త్వరగా చెప్పండి," అంది. "కుస్తీలు మొదలయ్యేలోపల ఈ గొడవ తేలిపోవాలి."

హొరికిరి మిఠాయి పెట్టె రెండు చేతులా ముందుకు జరిపి, చెప్పాల్సింది చక్కగా చెప్పింది. ఇంటి స్తంభం ఒక్కటి కూడా మార్చరు. తలుపుల మీది బొమ్మలు ముట్టుకోరు. పైకప్పు పెంకులు కొత్తవి వేస్తారు. తోట చివర మాత్రం, కోట కనపడేలా, వేడినీళ్ళ స్నానాలకి ఒక మందిరం కడతారు.

"తోట చివర టీ కుటీరం ఉందిగా," అంది ఇకుయో. టీ ఇచ్చి వెళ్ళిపోవాల్సిన మనిషి గుమ్మంలోనే కూలబడింది.

"ఉండేది," అన్నాడు తత్సుమి. "ఎప్పుడో కూలిపోయింది. వదినా, ఇంటి మీద మీకున్న ప్రేమ నాకు తెలుసు. కానీ ఆలోచించండి. కోట ఎక్కి, గుడి మెట్లు ఎక్కి, కాళ్ళు పీకుతుంటే ఇక్కడికొస్తారు జనం. మనమేం చూపిస్తున్నాం వాళ్ళకి? సగం తోట. సగంలో అడ్డంగా ఒక రాయి. ఆ రాయిని ఫోటో తీసుకుని వెళ్ళిపోతున్నారు. దీన్ని నిలబెట్టడం అంటారా? మెల్లగా చావనివ్వడం అంటారు."

అందులో నిజం లేకపోలేదు. అందుకే ఇకుయోకి అంతగా గుచ్చుకుంది.

ఆ రాయి తోటలో అడుగురాళ్ళ దారి మధ్యలో ఉంటుంది. రెండు పిడికిళ్ళంత గుండ్రాయి. నల్లతాడుతో అడ్డంగా నిలువుగా కట్టి, పైన పట్టుకోవడానికి వీలుగా ముడి వేసి, ఒక అడుగురాయి నడిమధ్య పెట్టి ఉంటుంది. ఇక్కడితో ఆగండి అని దానర్థం. అదేం కంచె కాదు, తాళం అసలే కాదు, నడక వచ్చిన పిల్లాడెవడైనా దాటేయొచ్చు. ఎవరూ దాటరు. ఇకుయో ఈ ఇంట్లో కాలు పెట్టేటప్పటికే అది అక్కడుంది. "అక్కడితో ఆగండి" అన్నారు మామగారు ఒకసారి. ఎందుకో ఆయన చెప్పలేదు, ఈవిడ అడగలేదు. తర్వాత ఆయన పోయారు. కుజుమి వారింట్లో చాలా సంగతులు ఇలాగే ఉంటాయి.

"కూలిపోయిందని నువ్వు చూశావా?" అంది ఇకుయో.

"చూడక్కర్లేదు. ఇన్నేళ్ళు మనిషి చెయ్యి పడని గడ్డికప్పు ఏమవుతుందో ఎవరికైనా తెలుసు."

అప్పుడు వసారా వైపునుంచి గొడుగంత టోపీ లోపలికి తొంగి చూసింది.

"మాటల్లో అడ్డొచ్చాను, ఏమీ అనుకోకండి. టీ ఎక్కడిస్తారండీ?"

"ఇక్కడ టీ ఇవ్వరమ్మా," అన్నాడు తత్సుమి, నవ్వు మళ్ళీ తగిలించుకుని.

"ఇవ్వరా? గుడిలో యాత్రికుల పుస్తకాల మీద ముద్రలు వేసే సన్యాసినమ్మ ఇస్తారనే చెప్పింది మరి! 'ముందు కోట ఎక్కి కిందికి చూడండి, కుజుమి వారి తోట చివర పొగ లేస్తుంటే టీ సిద్ధంగా ఉన్నట్టే' అంది. సరే అని ఎక్కాం. లేస్తూనే ఉంది."

"పొగా?" అంది ఇకుయో.

"చిన్న గడ్డికప్పు లేదూ, పైన నాచు పట్టి? ముద్దొస్తోందనుకోండి. దాని చూరులోంచి."

"మంచు అయ్యుంటుంది," అన్నాడు తత్సుమి.

"మా ఆవిడ పొగ అందంటే పొగే బాబూ," అన్నాడు వెనకనుంచి ముసలాయన. "పెరట్లో చెట్టుచాటున సిగరెట్టు ముట్టించినా వంటింట్లోంచి పట్టేస్తుంది."

కూలిపోయిందన్న కప్పు మీద నాచు పెరుగుతోందట, చూరులోంచి పొగ లేస్తోందట. తొత్తోరి నుంచి వచ్చినవాళ్ళకి కనపడింది ఇంటివాళ్ళకి ఇన్నేళ్ళూ కనపడలేదు. ఎలా కనపడుతుంది? కోట ఎక్కేది పైఊళ్ళవాళ్ళు. మురోసెలో పుట్టినవాళ్ళు బడిలో ఉండగా టీచరు తోలుకెళితే ఒకసారి ఎక్కుతారు. ఆ తర్వాత చుట్టాలొచ్చినప్పుడు వాళ్ళని పైకి పంపి, "మేం చూసిందేగా" అని కింద బెంచీ మీద కూర్చుంటారు. ఇకుయో ఆ బెంచీ మీద ఎన్నోసార్లు కూర్చుంది.

ఆ సన్యాసిని అబద్ధమాడే మనిషి కూడా కాదు. మ్యోయెన్ అని పేరు, నుయి కంటే పెద్దదే అయి ఉంటుంది. ఏటా ఎండబెట్టిన పెర్సిమన్ పళ్ళు పట్టుకెళితే తీసుకుని, ఇకుయోని ఒకే మాట అడుగుతుంది. "మీ తోట ఎలా ఉంది?" "కనపడినంతవరకు బాగానే ఉందండీ" అంటుంది ఇకుయో. అదేదో పెద్ద హాస్యమైనట్టు ఆ ముసలావిడ కళ్ళు చికిలించి నవ్వుతుంది.

గుడి మాట వచ్చినప్పుడు నుయి చేతిలో టీ గిన్నె గాల్లోనే ఆగడం ఇకుయో చూసింది. నుయి ఆ గుడికి వెళ్ళదు. మెట్లు ఎక్కువ అంటుంది.

"చూసొస్తాను," అని ఇకుయో లేచింది.

"ఎక్కడికి?" అన్నాడు తత్సుమి.

"పొగ దగ్గరికి."

అందరూ వసారా దిగి చెప్పులేసుకున్నారు. తత్సుమి ఆపడానికి వచ్చాడు, హొరికిరి మర్యాదకి వచ్చింది, ముసలి దంపతులు టీ కోసం వచ్చారు. నుయి కర్ర పుచ్చుకుని అందరికంటే వెనక వచ్చింది. రాలిన ఆకుల మధ్య దారి వంపు తిరిగి, రాతిదీపం దాటి, రాయి దగ్గరికి వెళ్ళింది. అక్కడ ఎవరూ ఆగమనకుండానే అందరూ ఆగారు. కొండవాలు మీది కమీలియా పొదలు అడ్డుగా ఉండటంతో అవతల ఏముందో కనపడదు.

ఇకుయో రాయి ముందు గొంతుక్కూర్చుంది. రోజూ దీని చుట్టూ ఆకులు ఏరుతుంది. కానీ ఇంత దగ్గరగా, ఇంత అనుమానంగా ఎప్పుడూ చూడలేదు. వానకీ మంచుకీ ఆ నారతాడు రెండు శీతాకాలాలు తిరిగేసరికి పీచుపీచై ఊడిపోతుంది. ఇది నిగనిగలాడుతోంది. ముడి కొసలు కత్తిరించిన చోట నార ఇంకా విచ్చుకోలేదు.

"అత్తయ్యా, ఈ తాడు ఎక్కడ కొంటారు?"

"ఏ తాడు?"

"ఈ రాయిది. ఏటా మారుస్తారు కదా, కొత్త సంవత్సరానికి ముందు."

నుయి కర్ర మీద రెండు చేతులూ ఆనించి కోడలి వంక చూసింది. "నేను మార్చడమేమిటి? మారుస్తున్నది నువ్వు కదా!"

"నేనా? నేనెప్పుడూ ముట్టుకోలేదు!"

"నేనూ ముట్టుకోలేదు."

ఒకే కప్పు కింద ఇన్నేళ్ళు కలిసి తిన్న అత్తాకోడళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అడిగితే తప్పు పట్టినట్టు ఉంటుందని ఈవిడ అడగలేదు. మెచ్చుకుంటే లోకువైపోతానని ఆవిడ మెచ్చుకోలేదు. పచ్చడి ఉప్పయిందని, గొడుగు తడిగా పెట్టావని, తలుపు చప్పుడు చేశావని వంక పెట్టడానికి నుయికి అడ్డు లేకపోయింది కానీ, ఈ ఒక్క మంచిమాట నోటికి రాలేదు.

"ఏటేటా చూసేదాన్ని," అంది నుయి. "ఈ పిల్ల నోటి దురుసుదే కానీ, ఆ ముడి మాత్రం ఎంత ఒద్దికగా వేస్తుందో అనుకునేదాన్ని. మా అత్తగారు ఉంటే చూపించేదాన్ని అనుకునేదాన్ని."

"నేనూ అదే అనుకున్నాను అత్తయ్యా. మోకాళ్ళ నొప్పులతో మీరు వంగి కట్టారు, నేనుండి ఏం లాభం అని సిగ్గుపడేదాన్ని."

వాళ్ళిద్దరి మధ్యా ఇంత మెత్తని మాట నడిచింది ఇదే మొదలు. అదీ ఇద్దరూ చెయ్యని పనికి! ఇకుయోకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. రెండింటినీ మింగి లేచి నిలబడింది.

"మనిద్దరం కాకపోతే ఇంకెవరో వస్తున్నారు. మనింట్లోకే వచ్చి, మన దారికే అడ్డం పెట్టి పోతున్నారు. ఎవరో చూస్తాను."

"ఆ రాయి ముట్టుకోకండి," అన్నాడు తత్సుమి. ఈసారి మొహాన నవ్వు లేదు. "నాన్న పెట్టిన రాయి అది. ఆయన మాట దాటడానికి మీరెవరు? మీరు ఈ ఇంట్లో పుట్టలేదు."

ముసలి యసుహరా చటుక్కున చెట్టుకేసి చూడటం మొదలుపెట్టాడు. హొరికిరి తల దించుకుంది. ఇకుయో మాత్రం దించుకోలేదు. ఈ మాట ఏదో ఒకనాడు వస్తుందని మొగుడు పోయిన రోజు నుంచీ కాచుకుని ఉంది. వచ్చింది, హమ్మయ్య అనిపించింది.

"పుట్టలేదు. నిజమే. పుట్టినవాడివి నువ్వు. పుట్టి ఏం చేశావు చెప్పు? కిందటి తుపానుకి గోడ విరిగితే ఫోనులో 'అయ్యో' అన్నావు. నేను గోనెసంచుల్లో మట్టి నింపి నిలబెట్టాను. ఏటా శీతాకాలంలో మంచు బరువుకి ఆ పైన్ కొమ్మలు విరగకుండా తాళ్ళు కడుతుంటే నిచ్చెన పట్టుకున్నది నేను. తలుపులకి కాగితం అంటించింది నేను. పుట్టడం ఒక్కటే నువ్వు చేసిన పని. అది కూడా మీ అమ్మ చేసిన పని, నువ్వు చేసింది కాదు!"

"వదినా!"

"ఇంకా అవలేదు. నాన్న మాట, నాన్న మాట అంటున్నావు. ఆయన పెట్టిన రాయి దాటకూడదు కానీ, ఆయన ఇల్లు మాత్రం పెట్టెలో పెట్టి ఊరు దాటించెయ్యొచ్చా? రాయికి ఉన్న మర్యాద ఇంటికి లేదా?"

ఇకుయో ఈసారి నల్లసూటు అమ్మాయి వైపు తిరిగింది.

"అమ్మా, నువ్వు మంచిదానిలా ఉన్నావు. నిన్నొక మాట అడుగుతాను. ఇక్కడ స్నానాల మందిరం కడతామన్నావుగా. రా, ఈ రాయి దాటి, ఆ చోటు చూడు."

హొరికిరి రాయి వంక చూసింది. ఒక అడుగు వేయబోయి, వెనక్కి తీసుకుంది. చెవుల దాకా ఎర్రబడింది. "కట్టిన రాయి అండీ," అంది మెల్లగా. "ఎలా దాటతాను?"

"చూశావా తత్సుమీ? ఇల్లు మొత్తం మింగడానికొచ్చినవాళ్ళకి పిడికెడు రాయి గొంతు దిగడం లేదు."

అని, ఇకుయో వంగి, ముడి పట్టుకుని రాయిని ఎత్తేసింది.

అనుకున్నదానికంటే బరువుగా ఉంది. దాని కింద అడుగురాయి మీద నాచు లేని గుండ్రటి మచ్చ తెల్లగా బయటపడింది. ఎక్కడ పెట్టాలో తెలియక చుట్టూ చూసింది. ఎక్కడ పెడితే అక్కడ దారి మూసినట్టే కదా. ఒక్క క్షణం ఆలోచించి, దాన్ని తీసుకెళ్ళి మరిది చేతుల్లో పెట్టింది.

"పట్టుకో. మీ నాన్నది అన్నావుగా."

తత్సుమి తీసుకోకుండా ఉండలేకపోయాడు, చేతులు వాటంతటవే చాచుకున్నాయి. తీసుకున్నాక కింద పెట్టలేకపోయాడు. ఇంటివైపు దారిలో పెడితే తను ఇంటికి వెళ్ళకూడదు, గేటువైపు పెడితే కారెక్కకూడదు. బ్యాంకులో వందమందికి ఆజ్ఞలు జారీ చేసిన మనిషి, పురిటిబిడ్డని ఎత్తుకున్న కొత్త తండ్రిలా, రెండు చేతులా రాయి పట్టుకుని నాచు మీద నిలబడిపోయాడు.

"అమ్మా, నువ్వైనా చెప్పు ఆవిడకి!" అన్నాడు చివరికి.

నుయి కొడుకుని ఎగాదిగా చూసింది. "కూలిపోయిందన్నావు. నువ్వు చూడలేదు. చూడకుండానే వాళ్ళకి బేరం పెట్టావు. నేనూ చూడకుండానే సరే అనేదాన్ని, ఇంకాసేపుంటే." కర్ర ముందుకు వేసింది. "నడువమ్మాయ్. ఏముందో చూసి వచ్చాకే నా జవాబు. కుస్తీలు మొదలయ్యేలోపల తిరిగొచ్చెయ్యాలి."

"నేను కూడా రావచ్చా?" అంది హొరికిరి.

"వద్దు. ఇల్లు ఇంకా నాదే," అంది నుయి.

"మేం ఇక్కడే ఉంటాంలెండి," అంది టోపీ ఆవిడ, ఫ్లాస్కు మూత తిప్పుతూ. "ఈ బాబుకి తోడుగా. టీ ఉంటే ఒక కేక వెయ్యండి."

పొదలు దాటగానే ఇకుయో ఆగిపోయింది. అడివైపోయి ఉంటుందనుకున్న చోట ఒక్క పిచ్చిమొక్క లేదు. నాచు దువ్వినట్టుంది. అడుగురాళ్ళ మీద ఇప్పుడే నీళ్ళు చల్లి ఉన్నాయి, చుట్టాల కోసం చల్లినట్టు. రాతితొట్టి నిండా తేటనీళ్ళు, తొట్టి మీద పచ్చివెదురు గరిటె. వెదురు నరికి ఒక రోజు కూడా అయి ఉండదు. నుయి గరిటెతో నీళ్ళు తీసుకుని చేతులు కడుక్కుంది. గరిటెని ఎలా ఉందో అలాగే తొట్టి మీద పెట్టింది.

"మీకేమైనా తెలుసా అత్తయ్యా?"

"తెలియకూడదనుకున్నాను," అంది నుయి.

కుటీరం నిలబడే ఉంది. గడ్డికప్పు అక్కడక్కడ కొత్త గడ్డితో అతుకులు వేసి ఉంది. చూరులోంచి సన్నగా పొగ లేస్తోంది. మోకాళ్ళ మీద దూరి వెళ్ళే చిన్న తలుపు వేలెడు సందు వదిలి ఉంది. అలా వదిలితే లోపలికి రమ్మని పిలిచినట్టు.

ఇకుయో ముందు దూరింది. లోపల రెండు చాపల చోటు. గూట్లో వెదురు గొట్టంలో ఒక్క తెల్ల కమీలియా మొగ్గ. గోడ వారగా పొయ్యి, దాని మీద ఇనుప కెటిల్ సన్నగా రొద చేస్తోంది. మసకగా, వెచ్చగా ఉంది, పచ్చి ఆకులు కాల్చిన వాసన వేస్తోంది. మనిషి మాత్రం లేడు.

నుయి ఆయాసపడుతూ వెనకే దూరింది. చెప్పులు చేతికందుకుని బయటి గోడకి ఆనించింది, తలుపు లాగింది. టక్ మంది.

ఇకుయో గిరుక్కున తిరిగింది. "ఎందుకు వేశారు అత్తయ్యా?"

నుయి తన చేతి వంక తనే చూసుకుంది. "చెయ్యి వేసేసింది," అంది. చిన్నప్పుడు నేర్చిన విద్య. చివర వచ్చినవాళ్ళు తలుపు వినపడేలా వెయ్యాలి. అందరూ వచ్చేశారు, ఇక మొదలుపెట్టొచ్చు అని టీ ఇచ్చేవాళ్ళకి అదే కబురు.

ఆ కబురు అందింది. లోపలి కాగితపు తలుపు వెనక బట్ట కదిలిన చప్పుడు. ఎవరో మోకాళ్ళ మీద కూర్చున్నారు. తలుపు అరచెయ్యంత జరిగి, ఆగి, మళ్ళీ జరిగింది.

బూడిదరంగు వస్త్రం, గుండు చేసిన తల, చికిలించిన కళ్ళు. మ్యోయెన్.

ఏటా ఇకుయో పెర్సిమన్ పళ్ళు ఇచ్చి దండం పెట్టి వచ్చే మనిషి! ఆవిడకి ఇక్కడేం పని అని అడగబోయింది. ఈలోగా పక్కన నుయి, ఆ ఇంట్లో ఎవరికీ ముందుగా తల వంచని నుయి, రెండు చేతులూ చాప మీద ఆనించి నుదురు నేలకి తాకించింది.

"వదినా," అంది.

వదినా! మామగారికి అక్క ఉందని ఇకుయోకి ఎవరూ చెప్పలేదు. రోజూ తను అగరొత్తి వెలిగించే పెద్దల పీఠం దగ్గర కూడా ఎవరూ ఆ పేరు ఎత్తలేదు. పుట్టలేదు పుట్టలేదని తనని ఇందాకే దెప్పిన ఇంట్లో, తత్సుమి కంటే ముందు, మామగారి కంటే కూడా ముందు పుట్టిన ఆడపడుచు ఇదిగో, కొండవాలు మీది గుడిలో ముద్రలు వేసుకుంటూ బతికింది. ఇకుయోకి కోపం వచ్చింది. ఎవరి మీదో మాత్రం ఇంకా తేలలేదు.

ముసలావిడ నుయి వంక చూడలేదు.

"రాయి తీసిందెవరు?" అంది.

"నేనే," అంది ఇకుయో, తల ఎత్తి. "తప్పయితే తప్పే. మళ్ళీ పెట్టను."

మ్యోయెన్ కళ్ళు చికిలించి, గుడిలో నవ్వినట్టే నవ్వింది.

"పెట్టక్కర్లేదులే. ఆ రాయి మీ మామ నన్ను ఆపడానికి పెట్టాడనుకుంటున్నారా మీరంతా? వాడికంత ధైర్యం లేదు. నేను పెట్టాను. వాడు ఇటు రాకుండా నేనే పెట్టాను. ఏటా కొండవాలు దిగొచ్చి తాడు మార్చిందీ నేనే, ఇవాళ పైకి కనపడాలని పొయ్యిలో పచ్చి ఆకులు వేసిందీ నేనే." టీ గిన్నె తీసి, తుడిచి, ఇకుయో ముందు పెట్టింది. "ముందు ఇది తాగు. ఆ తర్వాత, పొదల సందులోంచి చూశాను, బయట రాయి పట్టుకుని నిలబడ్డాడే, వాణ్ణి పిలువు. ఈ ఇల్లు నుయిది అని వాడికెవరు చెప్పారో అడగాలి."